డైరెక్టరుగారి రక్తానికి వచ్చిన ర్యాంకు

డైరెక్టరుగారి రక్తం గత వారం కంటే ఈ వారం మెరుగైన ఫలితం సాధించిందని తెలియజేయడానికి యాజమాన్యం ఎంతగానో సంతోషిస్తోందని, ఈ విజయాన్ని విద్యార్థులందరూ ఆదర్శంగా తీసుకోవాలని, పోటీ పరీక్షల శిక్షణాలయంలో మొదటి గంట కొట్టకముందే మైకులో ప్రకటించారు. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టాలి అని అడిగే అలవాటును ఆ సంస్థలో చేరిన మొదటి వారంలోనే మాన్పించేస్తారు.

రక్తానికి ఫలితాలేమిటి, దానికి చప్పట్లేమిటి అని ఎవరికైనా అనుమానం వస్తే వారికి డైరెక్టరుగారితో పరిచయం లేదని అర్థం. ఆయన సామాన్యుడు కాడు. ఆ నాలుగంతస్తుల భవనంలో కిటికీలన్నీ మూయించింది ఆయనే. బయటి చెట్టును ఒక్కసారి చూస్తే అర మార్కు పోతుందని ఆయన పరిశోధన. మంచినీళ్ళ కుళాయి పైన "సగటు ఒక వ్యాధి" అని రాయించిందీ ఆయనే. మరుగుదొడ్డి తలుపు మీద "ఇక్కడ నువ్వు గడిపే ప్రతి నిమిషం నీ పోటీదారుడి సొత్తు" అని రాయించాక పిల్లలు నీళ్ళు తాగడమే తగ్గించారు. దాంతో కుళాయి పైనున్న సూక్తిని చదివేవాళ్ళు కూడా తగ్గారు. అది వేరే విషయం.

అంకె ఏది వినబడినా "ఎంతకి?" అని అడగడం ఆయన స్వభావం. మనవడు మూడు కిలోల బరువుతో పుట్టాడని కూతురి అత్తవారింటి నుంచి ఫోన్ వస్తే, పక్క మంచం మీది పిల్ల ఎంతుందో కనుక్కోమన్నాడు. ఆ పిల్ల మూడుంపావు అని తెలిసిన రోజు ఆయన సరిగ్గా భోజనం చెయ్యలేదు.

ఇలాంటి మహనీయుడికి ఒకరోజు పొద్దున, మొదటి వరస విద్యార్థులకు కాలం విలువ గురించి చెబుతుండగా మాట ముద్దగా మారింది. మూతి ఒక పక్కకు లాగేసింది. చేతిలోని సుద్దముక్క జారిపడింది. అర్థంకాని నాలుగు శబ్దాలు మాత్రం నోట్లోంచి వచ్చాయి. విద్యార్థులు అది పాఠంలో కష్టమైన భాగం కాబోలు అనుకుని శ్రద్ధగా రాసుకున్నారు. ఒకమ్మాయి "ఇది పరీక్షకి వస్తుందా సార్?" అని కూడా అడిగింది. కాసేపటికి మాట దానంతటదే తిరిగి వచ్చింది. ఆయన ఏమీ జరగనట్టే మిగతా పాఠం పూర్తి చేశాడు గానీ, సంగతి తెలిసిన ఆయన భార్య మాత్రం ఆయన మాట వినకుండా గుండె డాక్టరమ్మగారి దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టరమ్మగారు పరీక్షలన్నీ చేసి, కాగితాలు చూసి, నింపాదిగా చెప్పింది.

"మీ గుండెలో పై గదులు కొట్టుకోవాల్సింది పోయి వణుకుతున్నాయండీ. రక్తం అక్కడ కదలకుండా నిలబడితే తోడేసిన పాలలా గడ్డకడుతుంది. అందులో ఒక చిన్న ముక్క మెదడుకి వెళ్ళింది. మీ అదృష్టం బాగుండి కరిగిపోయింది. ఈసారి వచ్చేది కూడా కరుగుతుందని నేను చెప్పలేను."

"మరి మందు?" అంది భార్య.

"ఈ మాత్ర. రోజూ ఒకే వేళకి వేసుకోవాలి. రక్తం పల్చబడే మందు అంటారు గానీ ఇది రక్తాన్ని నీళ్ళగా ఏం చెయ్యదు, గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తుందంతే. మోతాదు తక్కువైతే గడ్డ కడుతుంది. ఎక్కువైతే ఒంట్లో ఎక్కడ చిన్న దెబ్బ తగిలినా రక్తం ఆగదు. అందుకే ఐఎన్ఆర్ అని, రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే పరీక్ష ఒకటి చేయిస్తూ ఉండాలి. మీ అంకె రెండుకీ మూడుకీ మధ్యలో ఉండాలి."

"ఎంతకి?" అన్నాడు డైరెక్టరు.

"ఎంతకి అంటే?"

"రెండు, మూడు అంటున్నారు. మొత్తం ఎంతకి?"

"ఇవి మార్కులు కాదండీ."

"పోనీ, అందరికంటే ఎక్కువ వచ్చినవాళ్ళకి ఎంత వచ్చింది?"

డాక్టరమ్మగారు కలం కింద పెట్టింది. "బాగా ఎక్కువ వచ్చినవాళ్ళని కింద ఎమర్జెన్సీ వార్డులో ఉంచుతాం."

"మా దగ్గర కూడా టాపర్లని విడిగానే ఉంచుతాం," అన్నాడు డైరెక్టరు మెచ్చుకోలుగా.

ఆ తర్వాత ఆమె చాలా జాగ్రత్తలే చెప్పింది. అడక్కుండా నొప్పి మాత్రలు మింగొద్దని, వాటితో రక్తం కారడం ఎక్కువవుతుందని చెప్పింది. ఒక పూట మాత్ర మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దంది. ఆకుకూరలు ఎప్పుడూ తినేటంత తినమని, ఉన్నట్టుండి పెంచడం గానీ మానెయ్యడం గానీ చెయ్యొద్దని చెప్పింది. చిగుళ్ళలోంచి రక్తం కారినా, మలం నల్లగా వచ్చినా, తలకి దెబ్బ తగిలినా వెంటనే రమ్మంది. భార్య ప్రతి మాటా ఊపిరి బిగబట్టి విన్నది. డైరెక్టరు చెవిలో మాత్రం ఒకే ఒక్క మాట గింగురుమంటూ ఉండిపోయింది. మధ్యలో.

మధ్యలో! చిన్నప్పుడు మధ్య బెంచీలో కూర్చోపెడితే బడి మారినవాడు. ఫోటోల్లో కూడా మధ్యలో నిలబడకుండా ముందు వరసలో నిలబడేవాడు. అలాంటి మనిషి రక్తాన్ని పట్టుకుని, చదువుకున్న డాక్టరు, భార్య ఎదురుగా, సగటుగా ఉండమని చెప్పింది. చచ్చిపోతావని చెప్పినా ఆయన అంత నొచ్చుకునేవాడు కాదు.

మొదటి కొన్ని వారాలు పద్ధతిగానే గడిచాయి. అంకె రెండూ పాయింటు మూడు దగ్గర నిలబడింది. డాక్టరమ్మగారు "చాలా బాగుంది" అంది. మందబుద్ధి పిల్లల తల్లిదండ్రులతో తాను కూడా సరిగ్గా ఈ గొంతుతోనే ఈ మాటే అంటాడు కాబట్టి డైరెక్టరు మోసపోలేదు.

అలాంటి సమయంలో వియ్యంకుడు పరామర్శకు వచ్చాడు. బ్యాంకు మేనేజరుగా పనిచేసి రిటైరైనవాడు. ఏళ్ళ కిందటే గుండెకు ఆపరేషన్ జరిగి లోహపు వాల్వు పెట్టించుకున్నాడు. ఆయనా ఇదే మాత్ర వేసుకుంటున్నాడని అప్పుడే తెలిసింది. ఇద్దరూ కూర్చుని రక్తాల గురించి ఆప్యాయంగా మాట్లాడుకున్నారు.

"మీదెంత ఉంటుంది బావగారూ?" అని అడిగాడు డైరెక్టరు, అడగనట్టుగా.

"ఏముందండీ, మూడూ మూడుంపావు మధ్య ఊగుతుంటుంది."

డైరెక్టరు అందులోంచి తన రెండూ పాయింటు మూడుని మనసులోనే తీసేసి చూసుకున్నాడు.

"నాకు లోపల వాల్వు ఉంది కదా, దాని మీద గడ్డ కట్టకుండా కాస్త పైనే ఉంచాలన్నారు," అని వియ్యంకుడు వివరించి, ఓదార్పుగా చేతి మీద తట్టాడు. "మీకు అంతక్కర్లేదు లెండి బావగారూ."

అంతక్కర్లేదు లెండి! ఇతరుల పిల్లల గురించి డైరెక్టరు జీవితమంతా వాడిన మాట అది. అల్లుడి తండ్రి దాన్ని తెచ్చి తన ముంగిట్లోనే తనకు తగిలించి పోయాడు. వాల్వు సంగతి ఆయన చెవికి ఎక్కలేదు. వియ్యంకుడు ముందున్నాడు, తాను వెనకబడ్డాడు. ఆయనకు బోధపడింది ఇంతే.

మర్నాటి నుంచి సన్నాహాలు శాస్త్రీయంగా మొదలయ్యాయి. రాత్రి వేసుకునే మాత్రకు తోడు మధ్యాహ్నం ఇంకొకటి చేరింది. చదివింది మర్చిపోకుండా మళ్ళీ చదివినట్టు, వేసుకున్నది మర్చిపోకుండా మళ్ళీ వేసుకోవడం. ఆయన దానికి రివిజన్ డోసు అని పేరు పెట్టాడు. ఆకుకూరలు మందు పనిని తగ్గిస్తాయని ఎక్కడో చదివి, వాటిని చెడు సావాసంగా నిర్ధారించి వంటింట్లోంచి బహిష్కరించాడు. మోకాలి నొప్పికి పాత మాత్రలు సొరుగులో ఉన్నాయి. వాటివల్ల రక్తం కారడం ఎక్కువవుతుందని డాక్టరమ్మగారు హెచ్చరించింది కదా, అంటే ఆవిడ నోటితోనే దగ్గరదారి చెప్పేసిందని ఆయన గ్రహించాడు. ఇక డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళడం, చూపించుకోదగ్గ ఫలితం వచ్చేదాకా వాయిదా పడింది.

ఫలితం రానే వచ్చింది. మూడూ పాయింటు ఆరు. అంకె పక్కన ఒక నక్షత్రం గుర్తు కూడా ఉంది.

హద్దు దాటిన అంకెల పక్కన ల్యాబులో నక్షత్రం వేస్తారు. డైరెక్టరుగారి సంస్థలో కూడా నక్షత్రం వేస్తారు గానీ, అది ప్రథమశ్రేణి విద్యార్థుల పేర్ల పక్కన. ఆయన ఆ కాగితాన్ని వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. కళ్ళు చెమర్చాయి.

"సార్, దీన్ని డాక్టరుగారికి వెంటనే చూపించండి," అంది కౌంటర్లోని అమ్మాయి కంగారుగా.

"ఆవిడొక్కదానికేం ఖర్మ, అందరికీ చూపిస్తానమ్మా," అన్నాడు డైరెక్టరు.

మొట్టమొదట వియ్యంకుడికి ఫోన్ చేశాడు. ఆ తర్వాత అధ్యాపకుల సమావేశం పెట్టాడు. వైస్ ప్రిన్సిపాల్ లేచి, ప్రపంచంలో ఎందరో విద్యార్థులను క్రమశిక్షణలో పెట్టారు గానీ సొంత రక్తాన్ని క్రమశిక్షణలో పెట్టిన విద్యావేత్త ఈయనొక్కరేనని కొనియాడాడు. లెక్కల అధ్యాపకుడు నోటీసు బోర్డు మీద గ్రాఫు గీసి, ఇదే వేగంతో సాగితే విద్యా సంవత్సరం ముగిసేలోపు అంకె పదికి చేరుతుందని శాస్త్రీయంగా నిరూపించాడు. జీవశాస్త్రం అధ్యాపకుడికి ఆ అంకె ఏమిటో, పది దగ్గర మనిషి ఏమవుతాడో బాగా తెలుసు. కానీ ఆయన ఉద్యోగం పొడిగింపు కాగితం ఆ వారమే సంతకానికి వెళ్ళింది. అందుకని ఆయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఆ మర్నాటి నుంచే మైకు ప్రకటనలు మొదలయ్యాయి. నాలుగు దాటినప్పుడు విద్యార్థులకు అభినందన తరగతి పేరుతో అదనపు తరగతి పెట్టారు. అయిదు దాటినప్పుడు దానికి పరీక్ష కూడా పెట్టారు.

ఇంట్లో మాత్రం భార్య కంటికి కునుకు కరువైంది. ఆయన పళ్ళు తోముకున్నాక సింకు ఎర్రగా ఉంటోంది. గడ్డం గీసుకుంటే తెగిన చిన్న గాటు సాయంత్రం దాకా తడిగానే ఉంటోంది. మాట్లాడుతూ బల్ల గుద్దడం ఆయనకు పాత అలవాటు. ఇప్పుడు గుద్దిన చోటల్లా ముంజేయి నల్లగా, నీలంగా కమిలిపోతోంది.

"ఇదేంటండీ, చెయ్యి ఇలా అయిపోయింది?" అంది ఒకరోజు, ఆయన చొక్కా చెయ్యి పైకి లాగి.

"కష్టపడేవాళ్ళ చేతులు అలాగే ఉంటాయి."

"కష్టం కాదండీ, లోపల రక్తం కారుతోంది. నాకు భయంగా ఉంది. పదండి, డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్దాం. ఇప్పుడే వెళ్దాం."

"వార్షికోత్సవం అయ్యాక వెళ్దాం. అప్పటికి ఇంకా పెరుగుతుంది."

"పెరిగితే చచ్చిపోతారండీ!" అని అరిచింది ఆమె. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన మీద గొంతు పెంచని మనిషి. ఆయన ఒక్క క్షణం ఆగి ఆమె వైపు చూశాడు. ఆ ముఖంలో ఉన్నది కోపం కాదనీ, తనను పోగొట్టుకుంటానన్న దిగులనీ ఆయనకు తెలిసింది. తెలిసి కూడా, "నువ్వు మా విద్యార్థుల తల్లుల్లాగే మాట్లాడుతున్నావ్," అని తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ మాటకు మనకు ఆయన మీద నిజంగానే కోపం వస్తుంది, రావాలి కూడా.

వార్షికోత్సవం ఘనంగా ఏర్పాటైంది. హాలు నిండా తల్లిదండ్రులు. ముందు వరసలో వియ్యంకుడికి ప్రత్యేకమైన కుర్చీ వేయించారు, బాగా కనబడాలని. తెల్లటి కొత్త చొక్కాతో డైరెక్టరు మైకు ముందుకొచ్చాడు. పొద్దుట్నుంచీ కడుపులో మంటగా, కాళ్ళు తేలిపోతున్నట్టుగా ఉంది. దాన్ని ఆయన ఉత్సాహం అనుకున్నాడు.

"ఈ సంస్థ ఇటుకలతో కట్టింది కాదు," అని ప్రారంభించాడు. "ఇందులో ప్రతి గోడకీ నా రక్తం ధారపోశాను!"

అని బల్ల గుద్దాడు. సరిగ్గా అప్పుడే ముక్కులోంచి రక్తం మొదలైంది. తెల్ల చొక్కా మీద ఒక చుక్క, తర్వాత ఒక గీత, తర్వాత ఒక ధార. వెనక నుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. వక్తలు మాటల్లో చెప్పడమే గానీ చేసి చూపించడం అంతవరకు ఎవరూ ఎరగరు. జనమంతా లేచి నిలబడ్డారు. తండ్రులు పిల్లల్ని భుజాల మీదికెత్తి చూపించారు. ఫోన్లు బయటికొచ్చాయి. "చూశావా, పట్టుదలంటే అదీ!" అని ఒక తల్లి కూతురి నెత్తి మీద మొట్టింది. డైరెక్టరు ఇంకో రెండు వాక్యాలు మాట్లాడాడు. అవి ఎవరికీ వినబడలేదు. ఆయన మోకాళ్ళ మీద కూలబడినప్పుడు అది వినయమనుకుని చప్పట్లు మరింత పెరిగాయి.

ఆ హాలు మొత్తంలో పరుగెత్తింది ఇద్దరే. ఒకరు భార్య. వేదిక ఎక్కి, ముక్కును రెండు వేళ్ళతో గట్టిగా నొక్కి పట్టుకుని, "చాలు ఆపండి! మనిషి పోతున్నాడు!" అని జనం మీద కేకలేసింది. రెండోవాడు వియ్యంకుడు. ఆయన అప్పటికే అంబులెన్సుకు ఫోన్ చేసేశాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మగారు సూదిమందులు ఎక్కించింది. గడ్డకట్టే గుణాన్ని తిరిగి తెచ్చేవి కొన్ని, కడుపులో కారిపోయిన రక్తానికి బదులు వేరేవాళ్ళ రక్తం కొంత. మగత కమ్ముతున్నా డైరెక్టరు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఎంత వచ్చింది?"

"మిషన్ కొలవలేనంత వచ్చిందండీ."

ఆయన చిరునవ్వు నవ్వి స్పృహ తప్పాడు.

మళ్ళీ కళ్ళు తెరిచేసరికి పక్క మంచం మీద ఒక దర్జీ ఉన్నాడు. అతనిదీ అదే జబ్బు, అదే మాత్ర. రక్తం కారుతుందని ఎవరో బెదిరిస్తే డాక్టరుకు చెప్పకుండా మానేశాడట. గడ్డ వచ్చి మెదడులో ఇరుక్కుంది. కుడి చెయ్యి పడిపోయింది. మాట పోయింది. అతని భార్య చెంచాతో నీళ్ళు పోస్తుంటే సగం పెదవి చివర నుంచి జారిపోతున్నాయి. ఆమె తుడుస్తోంది, మళ్ళీ పోస్తోంది. కత్తెర పట్టిన ఆ చెయ్యి దుప్పటి మీద ఎవరిదో వస్తువులా పడి ఉంది.

డైరెక్టరు చాలాసేపు అటే చూశాడు. ఆ దర్జీకి ఎంత వచ్చిందో ఆయన అడగలేదు. జీవితంలో మొదటిసారి అడగాలనిపించలేదు. తానూ అతనిలా గడ్డకట్టి అటు పోవలసినవాడే, కాస్తలో రక్తం కారి ఇటు పోబోయాడు. రెండు పక్కలా గొయ్యి ఉన్న దారిలో మధ్యన నడవమని చెప్పిన మనిషిని తాను శత్రువులా చూశాడు. సిగ్గుతో ఏడుపొచ్చింది. భార్య చూడకుండా ఏడవాలనుకున్నాడు గానీ ఆమె అక్కడే ఉంది.

ఇంటికి పంపేముందు అంకె రెండున్నర దగ్గర నిలబడింది. "సరిగ్గా మధ్యలో ఉన్నారు," అంది డాక్టరమ్మగారు. డైరెక్టరు రెండు చేతులూ జోడించాడు.

మారిన మనిషిగా ఆయన శిక్షణాలయానికి వెళ్ళాడు. ఆ రోజు తల్లిదండ్రులు వరసగా కుర్చీల్లో కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నారు. మొదట లోపలికి వచ్చింది ఇనుప సామాన్ల దుకాణం యజమాని. వెంట పదహారేళ్ళ కూతురు. అమ్మాయి మార్కులు తరగతిలో ముందూ కావు, వెనకా కావు.

"ఈ పిల్లని ఏం చెయ్యమంటారు సార్? ఎంత తిట్టినా కదలట్లేదు," అన్నాడు తండ్రి.

డైరెక్టరు అమ్మాయి వైపు చూశాడు. ఆమె తలొంచుకుని గోళ్ళు కొరుకుతోంది. కొరికి కొరికి వేళ్ళ చివర్లు పచ్చి పుళ్ళయ్యాయి. రక్తం అంటే ఇప్పుడు ఆయన కంటికి ఇట్టే కనబడుతుంది.

"అమ్మాయి బాగానే చదువుతోందండీ," అన్నాడు నెమ్మదిగా. "మధ్యలో ఉంది. ఉండనివ్వండి. కంటినిండా నిద్రపోనివ్వండి. ఆ వేళ్ళు చూశారా, రక్తం వస్తోంది."

"అదేం కాదు సార్, పరీక్షలప్పుడు వస్తుంది, మళ్ళీ పోతుంది."

"నా మాట వినండి. ఎక్కువైతే ఏమవుతుందో నేను చూసి వచ్చాను. ప్రాణం మీదికి వస్తుంది."

దుకాణం యజమాని ఆయన వైపు జాలిగా చూశాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన మనుషులు ఇలాగే మెత్తబడతారని ఆయన విని ఉన్నాడు. కూతురి చెయ్యి పట్టుకుని, ఎదురు వీధిలోని శిక్షణాలయానికి పోవడానికి లేచాడు. అయినా మర్యాదస్థుడు కాబట్టి గుమ్మం దగ్గర ఆగి సమాధానం చెప్పి వెళ్ళాడు.

"మీకు మధ్యలో ఉండమని డాక్టరుగారు చెప్పారట కదా, ఉండండి సార్, తప్పేం లేదు. మీది ఒట్టి ప్రాణమే కదా. మా అమ్మాయిది ర్యాంకు!"

కుర్చీల్లో కూర్చున్న వాళ్ళందరూ నిజమేనన్నట్టు తలలూపారు. తల ఊపనివాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని మీరు వెతకనక్కర్లేదు. మనం కూడా ఆ వరసలోనే, పిల్లల చేతులు పట్టుకుని, మన వంతు కోసం కూర్చుని ఉన్నాం.